సొంత డబ్బుతో సినిమా తీస్తున్నారా? కెమెరా కంటే ముందు ఎడిటింగ్ ప్లాన్ చేసుకోండి



తోలుబొమ్మలాట మీద మనం చేసిన 26 నిమిషాల డాక్యుమెంటరీ చూశాక చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, మా ఊరి జాతర మీద మేమూ ఒకటి తీయాలనుకుంటున్నాం, ఏ కెమెరా కొనమంటావు?" అని. ఎడిటింగ్ ఎలా ప్లాన్ చేశావని ఒక్కరూ అడగలేదు. మీ తప్పేం లేదు లెండి. మొదలుపెట్టినప్పుడు నేనూ ఎవరినీ అడగలేదు. అడగనందుకు నాకు ఎంత ఖర్చయిందో చెప్తే ఈ పాఠం మీకు త్వరగా ఎక్కుతుంది. అందుకే వీడియోలో దాటేసిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

సినిమాకి మొత్తం 1,60,000 రూపాయలు. అందులో లక్ష నా జీతంలోంచి దాచుకున్నది. 60,000 మా అమ్మ చీటీ ఎత్తి ఇచ్చింది. నిర్మాత లేడు, స్పాన్సర్ లేడు. నాకేమో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఒక ఊరుంది. తరతరాలుగా తోలుబొమ్మలు చేసే, ఆడించే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. నాలుగు రోజులు అక్కడే ఉండి సుందరకాండ ఆట మొత్తం తీశాం. వచ్చేముందు ఆ బృందానికి పెద్దాయన, అందరూ తాత అని పిలిచే ఆయనకి ఒక మాట ఇచ్చాను. వచ్చే శివరాత్రికి ఈ సినిమా మీ ఊళ్లోనే గోడ మీద వేసి చూపిస్తాను తాతా, అని.

పదకొండు నెలలు పట్టింది. జనవరిలో సినిమా పూర్తయిందనుకున్నాను. డబ్బులిచ్చి సౌండ్ మిక్సింగ్ చేయించాను, కలర్ చేయించాను. శివరాత్రికి ముందు ఒకసారి తాతకి చూపిద్దామని లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని మొత్తం చూశాడు, మధ్యలో ఒక్క మాటా లేదు. అయిపోయాక ఇలా అన్నాడు:

"బొమ్మలు బాగుండాయి నాయనా. కానీ పాటని నడుమ నరికేసినావు. హనుమంతుడు ఇంకా సముద్రం మీద ఉండాడు, దాటకముందే లంకలో దింపేసినావే."

నాకు అర్థం కాలేదు. మళ్లీ వేసి చూపించమన్నాడు. నాలుగు చోట్ల చెయ్యి ఎత్తి ఆపించాడు.

విషయం ఏంటంటే, ఈ ఆటలో కథ చాలావరకు ద్విపదల్లో నడుస్తుంది. బొమ్మలాట వాళ్లకి ఆధారం 13వ శతాబ్దం నాటి రంగనాథ రామాయణం. గోన బుద్ధారెడ్డి పేరుతో ప్రసిద్ధమైన ఆ కావ్యం మొత్తం ద్విపదే. రెండు పాదాలు కలిస్తే ఒక ద్విపద. చాలాసార్లు మొదటి పాదంలో ఎవరు, ఎక్కడ అన్నది ఉంటుంది, ఏం చేశాడన్నది రెండో పాదంలో వస్తుంది. నేను టైమ్‌లైన్‌లో బొమ్మ కదలిక చూసి కట్ చేశాను. నిడివి తగ్గించాలన్న తొందరలో ఒక ద్విపద మొదటి పాదాన్ని ఇంకో ద్విపద రెండో పాదానికి అతికించాను. తాళం సరిపోయింది కాబట్టి నా చెవికి అది బాగానే వినిపించింది. అరవై ఏళ్లుగా పాడుతున్న మనిషికి అలా ఎలా వినిపిస్తుంది?

అది అలా వదిలేయలేను. సినిమా ఆయన గొంతు మీద నడుస్తుంది, కింద ఆయన పేరు పడుతుంది. హైదరాబాద్ వచ్చి మొత్తం మళ్లీ విప్పాను. నాలుగు చోట్ల పాట మారితే దాని మీదున్న బొమ్మ మారింది, వెనకొచ్చే ప్రతి షాటూ జరిగింది. మిక్సింగ్ మళ్లీ, కలర్ మళ్లీ. ఊళ్లో ప్రదర్శనకి అని పక్కన పెట్టిన 20,000 అందులో పోయింది. శివరాత్రి దాటిపోయింది. ఉగాదికి ఎవరిదో ప్రొజెక్టర్ అడిగి తెచ్చి వేశాం.

తాత ఆ మాట పది నెలల ముందు, పైసా ఖర్చు లేని దశలో చెప్పి ఉండేవాడు. నేను చూపించలేదు, అంతే. కాబట్టి నాకు తెలిసిన పాఠం ఒకటే: డబ్బు ఖర్చు కాని పనులన్నీ ముందు, డబ్బు ఖర్చయ్యే పనులన్నీ చివర. ఎడిటింగ్ వర్క్‌ఫ్లో అంటే సొంత డబ్బుతో తీసేవాళ్లకి ఆ వరస తప్పకుండా కాపాడుకోవడమే. మిగతాది ఎలా చేయాలో చెప్తాను.

చివరి నుంచి వెనక్కి లెక్క

ఈ కష్టం మనకొక్కరికే వచ్చింది కాదు. సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టినప్పుడు కలకత్తాలో ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. 1952 అక్టోబర్‌లో రెల్లుపూల పొలంలో షూటింగ్ మొదలైంది. వారం తర్వాత మళ్లీ వెళ్లేసరికి ఆ పూలన్నీ పశువులు మేసేశాయి. అక్కడ మిగిలిన సన్నివేశం కోసం మళ్లీ పూలు పూసేదాకా ఏడాది ఆగారు. మధ్యలో డబ్బు అయిపోయింది. గ్రామఫోన్ రికార్డులు అమ్ముకున్నారు, భార్య నగలు తాకట్టు పెట్టారు. చివరికి బెంగాల్ ప్రభుత్వం డబ్బు ఇచ్చాక పూర్తయింది. 1955లో న్యూయార్క్‌లో ప్రదర్శన తేదీ ముంచుకొస్తుంటే ఎడిటర్ దులాల్ దత్తాతో కలిసి రాత్రింబవళ్లు కూర్చుని ముగించారు. అంతటి మనిషికే చివరి వారాలు అలా గడిచాయి. మన శని, ఆదివారాలు ఎంత జాగ్రత్తగా వాడుకోవాలో చూడండి.

కాబట్టి కాగితం తీసుకుని ముందు సినిమా చూపించాల్సిన తేదీ రాయండి. అక్కడి నుంచి వెనక్కి రండి. మీకు వారానికి నిజంగా ఎన్ని గంటలు దొరుకుతాయి? నాకు పది. పెళ్లిళ్లు, పండగలు, ఆఫీసు రిలీజులు తీసేస్తే ఎనిమిది. నేను తీసుకొచ్చిన ఫుటేజ్ ఎంత? పెద్ద కెమెరాలో 14 గంటలు, ఫోన్‌లో 9 గంటలు, మొత్తం 23 గంటలు. నోట్స్ రాసుకుంటూ చూడాలంటే ఒక గంట ఫుటేజ్‌కి రెండు గంటలు పడుతుంది. అంటే 46 గంటలు. వారానికి ఎనిమిది చొప్పున దాదాపు ఆరు వారాలు. కేవలం చూడడానికే! అప్పటికింకా ఒక్క కట్ కూడా వేయలేదు.

ఈ లెక్క షూటింగ్‌కి ముందు వేసుకుని ఉంటే రెండో కెమెరా అసలు తీసుకెళ్లేవాణ్ని కాదు. 23 గంటల్లోంచి 26 నిమిషాలు అంటే ఒక నిమిషం సినిమాకి 53 నిమిషాల ఫుటేజ్. ఇప్పుడు చెక్క భజన మీద తీస్తున్న రెండో సినిమాకి ముందే నియమం పెట్టుకున్నాను, మొత్తం తొమ్మిది గంటలు దాటకూడదని. ఫుటేజ్ ఉచితంగా వస్తుందని మనకి అనిపిస్తుంది, ఫోన్‌లో తీయడమే కదా అని. ఆ ఖర్చు తర్వాత మన ఆదివారాల్లోంచి పోతుంది.

డిస్కుల లెక్క కూడా ఇప్పుడే. సెకనుకి 100 మెగాబిట్లతో 4కే రికార్డ్ చేసే కెమెరా గంటకి 45 జీబీ తింటుంది. 100ని 8తో భాగించి 3600తో గుణిస్తే వచ్చేది అదే. మీ కెమెరా మెనూలో ఆ బిట్‌రేట్ ఎంతుందో చూసి మీరే లెక్క కట్టుకోండి. నాకు కెమెరావి 630 జీబీ, ఫోన్‌వి సుమారు 90 జీబీ. సౌండ్ ఎంతో కాదు, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ స్టీరియో గంటకి 1 జీబీ. ప్రాక్సీలు కలిపితే టీబీ దాటింది. అందుకే 2 టీబీ డిస్కులు రెండు. ఒకటి కాదు, రెండు. ఎందుకో కింద చెప్తాను.

పది నిమిషాల రిహార్సల్

ఈ మొత్తం పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలను అంటే ఇది గుర్తుపెట్టుకోండి. షూటింగ్‌కి ఓ రెండు వారాల ముందు, తీసుకెళ్లబోయే అవే కెమెరాలు, అదే సౌండ్ రికార్డర్‌తో మీ ఇంట్లోనో, దగ్గర్లోని గుడిలో భజన జరిగేచోటో పది నిమిషాలు తీయండి. దాన్ని లాప్‌టాప్‌లో ఎక్కించి, సింక్ చేసి, రెండు నిమిషాలకి కట్ చేసి, రంగు సరిచేసి, సబ్‌టైటిల్స్ వేసి, ఎక్స్‌పోర్ట్ చేసి ఇంట్లో టీవీలో చూడండి. మొదటి నుంచి చివరి దాకా అన్నీ చేయాలి. ఏదైనా ఒక మెట్టు దగ్గర తప్పకుండా ఆగిపోతారు. అలా ఆగడానికే ఈ రిహార్సల్.

నేను చేయలేదు కాబట్టి నాకు షూటింగ్ అయ్యాక తెలిసిన సంగతులు ఇవి. కెమెరా సెకనుకి 25 ఫ్రేములు, ఫోన్ 30 ఫ్రేములు. పైగా ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటుని ఒకేలా ఉంచవు, వెలుతురుని బట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. ఎడిటింగ్‌లో పెట్టేసరికి మొదట్లో బాగానే ఉంది. పావుగంట దాటాక గజ్జెల చప్పుడు ఒకచోట, బొమ్మ అడుగు ఒకచోట. ఫోన్ ఫుటేజ్ మొత్తాన్ని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చి, మళ్లీ మొదలుపెట్టాను. రెండు వారాలు పోయాయి.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. అందుకని 25 ఫ్రేములు, షటర్ 50వ వంతు సెకను పెట్టుకుంటే ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్‌ఈడీ బల్బుల కింద చారలు, మినుకులు దాదాపు రావు. ఫోన్ మామూలుగా 30లో ఉంటుంది. మాన్యువల్ కంట్రోల్ ఇచ్చే కెమెరా యాప్ వేసుకుని 25కి మార్చుకోండి. తోలుబొమ్మలాటలో ఇది ఇంకా ముఖ్యం. ఒకప్పుడు తెర వెనక ఆముదం దీపాలుండేవి, ఇప్పుడు బల్బులు. బొమ్మ మీద పడే వెలుగంతా ఆ బల్బుదే. అది మినుకుతే సినిమా మొత్తం మినుకుతుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి కూడా ఈ రిహార్సల్‌లోనే తేలుతుంది. నేను డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో చేశాను. ఎడిటింగ్, కలర్, సౌండ్ అన్నీ ఒకేచోట ఉంటాయి, అల్ట్రా హెచ్‌డీ దాకా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. అయితే రాత్రి ఫుటేజ్‌లో వచ్చే చుక్కల్ని తగ్గించే నాయిస్ రిడక్షన్ డబ్బు కట్టే వెర్షన్‌లోనే ఉంది. అది ముందే తెలిస్తే ఐఎస్ఓ పెంచకుండా ఇంకో బల్బు పెట్టించేవాణ్ని. వంద రూపాయల బల్బు అండీ.

ప్రతి రాత్రీ చేయాల్సిన పని

షూటింగ్ రోజుల్లో రాత్రి ఎంత అలసిపోయినా పడుకునే ముందు కార్డులు కాపీ కావాలి. రెండు డిస్కులకీ. కాపీ అయ్యాక నాలుగైదు క్లిప్పులు రెండు డిస్కుల్లోంచీ తెరిచి మధ్యలో, చివర్లో చూడాలి. ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు కార్డులో ఉన్నదానితో సరిపోవాలి. అప్పుడే కార్డు ఫార్మాట్. వీలుంటే షూటింగ్ అయ్యేదాకా అసలు ఫార్మాట్ చేయకుండా ఇంకో కార్డు కొనుక్కోండి. ఆ రెండు డిస్కులు ఒకే బ్యాగులో పెట్టొద్దు. తిరుగు ప్రయాణంలో ఒకటి నా దగ్గర, ఒకటి మా తమ్ముడి దగ్గర, వేరే వేరే బస్సుల్లో. నవ్వుకోండి పర్లేదు.

ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా: ముందు తేదీ, తర్వాత ఊరు, కెమెరా, కార్డు నంబరు. కెమెరా ఇచ్చిన ఫైలు పేరు మాత్రం మార్చొద్దు. ఏడాది తర్వాత డిస్కు మారినా సాఫ్ట్‌వేర్ ఆ పేరుతోనే ఫైల్ని వెతుక్కుంటుంది. ఇదే ఫోల్డర్‌లో ఇంకొకటి ఉండాలి, కళాకారులు కెమెరా ముందు ఇచ్చిన అనుమతి. మొదటి రోజే తీసుకోండి. ఊళ్లో మైకులో సినిమా పాట మోగుతుంటే ఇంటర్వ్యూ ఆపేయండి. ఆ పాట మీ సౌండ్‌లో పడితే అప్‌లోడ్ చేసినప్పుడు కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది.

ఇక సౌండ్. రాత్రంతా నడిచే ఆటకి సౌండ్ రికార్డరే వెన్నెముక. కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాలు అరగంట దగ్గర వాటంతట అవే ఆగిపోతాయి. బ్యాటరీ మార్చాలి, కార్డు మార్చాలి. రికార్డర్ మాత్రం ఆగకుండా నడవాలి. కెమెరా మళ్లీ మొదలైన ప్రతిసారీ లెన్సు ముందు గట్టిగా చప్పట్లు కొట్టండి, ఆపేముందు ఇంకోసారి కొట్టండి. మొదటి చప్పట్లతో సింక్ అవుతుంది. చివరి చప్పట్లు సరిపోతే మధ్యలో జారలేదని తెలుస్తుంది. కెమెరా మైకుని మాత్రం ఎప్పుడూ ఆపొద్దు. ఆ సౌండ్ బాగోదు, సినిమాలో వాడం. కానీ రిజాల్వ్ రెండు తరంగాలూ పోల్చి తనే సింక్ చేసేది దాని ఆధారంగానే.

ఇంటికొచ్చాక ప్రాక్సీలు. అంటే పెద్ద ఫైళ్లకి చిన్న నకళ్లు. మామూలు లాప్‌టాప్ 4కే ఫైళ్లతో తడబడుతుంది. వాటిని 1080 సైజులో డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీ ఫార్మాట్‌లోకి మార్చుకుంటే గంటకి సుమారు 16 జీబీ, కట్ చేస్తుంటే వెన్నలా నడుస్తుంది. చివర్లో ఒక్క బటన్‌తో మళ్లీ అసలు ఫైళ్లు. ఈ మార్పిడి రాత్రి పడుకునే ముందు పెట్టేస్తే తెల్లారేసరికి చాలావరకు అయిపోతుంది. కొత్త లాప్‌టాప్ కొనాలనుకుంటున్న వాళ్లు ముందు ఇది చేసి చూడండి.

మౌస్ పట్టుకోకుండా చేసే ఎడిటింగ్

నేను దాటేసిన మెట్టు ఇదే. ఫుటేజ్ రాగానే టైమ్‌లైన్ తెరిచి కట్ చేయడం మొదలుపెట్టాను. పని జరుగుతున్నట్టు ఉంటుంది కదా. నాలుగు నెలల తర్వాత చూస్తే అందమైన ముక్కలున్నాయి, సినిమా లేదు.

రెండో సినిమాకి చేస్తున్న పద్ధతి ఇది. ముందు సౌండ్ మాత్రమే ఫోన్‌లోకి ఎక్కించుకుని మెట్రోలో వెళ్తూ వస్తూ వింటాను. ఇంటర్వ్యూలన్నీ కాగితం మీదకి ఎక్కిస్తాను, ఏ నిమిషంలో ఏ మాట అని. పాటలైతే సాహిత్యం మొత్తం రాసుకుని, అర్థం తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని పాదం ఎక్కడ ముగుస్తుందో గీత పెట్టించుకుంటాను. బొమ్మలాటకి ఈ పని తాత దగ్గరే అరపూటలో అయిపోయేది. పాడేవాడు ఒక పాదం పాడితే వెనకవాళ్లు వంత అందుకుంటారు. ఆ వంత దగ్గర కట్ చేస్తే అర్థం చెడదు, తాళమూ చెడదు. ఇది నేను ఏ సాఫ్ట్‌వేర్ ట్యుటోరియల్‌లోనూ చూడలేదు. కొన్ని సంగతులు ఆ కళ తెలిసినవాళ్ల దగ్గరే ఉంటాయండీ.

తర్వాత చీటీలు. ప్రతి ముఖ్యమైన ఘట్టానికీ, మాటకీ ఒక చీటీ. వాటిని హాల్లో నేల మీద పరిచి వరస మార్చుకుంటాను. మా అమ్మ పక్కన కూర్చుని "ఇది ముందు తెలిస్తేనే కదరా అది అర్థమయ్యేది" అంటుంది. చాలాసార్లు కరెక్టే. ఈ కాగితం మీది సినిమా కుదిరాకే లాప్‌టాప్ తెరవాలి. అప్పుడు రఫ్ కట్ రెండు మూడు వారాంతాల్లో అయిపోతుంది, ఎందుకంటే ఏ ముక్క ఎక్కడుందో ముందే తెలుసు.

ఇంకో చిన్న మాట. బొమ్మని ఎక్కడైనా కట్ చేయొచ్చు, పాటని చేయకూడదు. పాట తెగకుండా నడుస్తుంటే పైన బొమ్మ మార్చండి, తాత చేతులు చూపించండి, తెర వెనక పలకల మీద కాళ్లతో తొక్కి యుద్ధం చప్పుడు తెచ్చేవాళ్లని చూపించండి, చూస్తున్న పిల్లల్ని చూపించండి. నిడివి తగ్గించాలంటే పూర్తి ద్విపదలు తీసేయండి, సగాలు కాదు. అలా చేసేసరికి నా సినిమా 24 నిమిషాల నుంచి 26కి పెరిగింది. పోనివ్వండి.

లాక్ చేసే ముందు ఎవరికి చూపించాలి

రఫ్ కట్ అయ్యాక, రంగు లేకుండా, సౌండ్ గరుకుగా ఉన్నప్పుడే ముగ్గురికి చూపించండి. విషయం తెలిసినవాళ్లు ఒకరు. విషయం అస్సలు తెలియనివాళ్లు ఒకరు. సినిమాలో కనిపించేవాళ్లు ఒకరు, వీళ్లు తప్పనిసరి. లింక్ పంపి "ఎలా ఉంది?" అని మెసేజ్ పెడితే "సూపర్ అన్నా" అని వస్తుంది. పక్కన కూర్చుని చూపించాలి. వాళ్లు ఎప్పుడు ఫోన్ తీస్తున్నారో, ఎక్కడ కదులుతున్నారో రాసుకోవాలి.

సిగ్గు అడ్డొస్తుంది, నాకూ వచ్చింది. నిజం చెప్పాలంటే తాతకి ముందే చూపించకపోవడానికి కారణం సమయం లేక కాదు. పూర్తిగా తయారైన సినిమా చూపించి ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని. ఆ సరదాకి 20,000 అయింది.

ఆ ముగ్గురూ చూసి, మార్పులన్నీ అయ్యాక పిక్చర్ లాక్. అంటే ఇక ఒక్క ఫ్రేము కూడా జరగదని మీకు మీరు మాట ఇచ్చుకోవడం. డబ్బులిచ్చే పనులు ఇక్కడి నుంచే: సౌండ్ మిక్సింగ్, కలర్. ఈ వరస ఎందుకంటే మిక్సింగ్ చేసేవాళ్లు మీ టైమ్‌లైన్‌కి ఫ్రేము ఫ్రేముకి సరిపోయేలా పనిచేస్తారు. తర్వాత మీరు రెండు సెకన్లు తీసేస్తే అక్కడి నుంచి చివరిదాకా అన్నీ జరుగుతాయి. ఎన్ని సార్లు మార్పులు ఒప్పుకుంటారో ముందే మాట్లాడుకోండి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంచుకోండి. సబ్‌టైటిల్స్ లాక్ తర్వాతే. ముందు వేస్తే రెండుసార్లు వేయాలి.

రాబర్ట్ రోడ్రిగ్స్ అనే కుర్రాడు 'ఎల్ మరియాచి' అనే సినిమాని సుమారు 7,000 డాలర్లతో తీశాడు, 1992లో వచ్చింది. ఫిల్మ్ మీద తీసినా, ఫిల్మ్ కోసి అతికించే ఖర్చు భరించలేనని తెలుసు కాబట్టి దాన్ని వీడియోలోకి మార్చుకుని టేపు మీదే ఎడిట్ చేశాడు. చాలా షాట్లు ఒకే టేక్. ఎడిటింగ్‌కి డబ్బు లేదన్నది ఆయన షూటింగ్‌కి ముందే లెక్కలో పెట్టుకున్నాడు. నేను మాత్రం డబ్బు మిగులుతుందనుకున్నాను.

అయిపోయాక

ఎక్స్‌పోర్ట్ రెండు రకాలుగా తీసుకోండి. పెద్ద సైజు మాస్టర్ ఒకటి, ఫోన్లో చూసే చిన్నది ఒకటి. సబ్‌టైటిల్స్ లేనిది కూడా ఒకటి దాచుకోండి, రేపు కన్నడంలోనో హిందీలోనో వేయాలంటే పనికొస్తుంది. ప్రాక్సీలు చెరిపేయొచ్చు, మళ్లీ చేసుకోవచ్చు. అసలు ఫుటేజ్, సౌండ్, ప్రాజెక్ట్ ఫైల్ మాత్రం మూడు చోట్ల ఉండాలి. వాటిలో ఒకటి మీ ఇంట్లో ఉండకూడదు. దొంగతనం జరిగినా, నీళ్లొచ్చినా ఇంట్లో ఉన్న రెండూ కలిసే పోతాయి.

క్లౌడ్‌లో 700 జీబీకి నెల నెలా కట్టే స్తోమత నాకు లేదు. ఉగాది ప్రదర్శన అయ్యాక ఇంకో డిస్కు కొని, మొత్తం ఎక్కించి నిమ్మలకుంటలో తాత ఇంట్లోనే పెట్టి వచ్చాను. ఆయన ఆట అంతా అందులో ఉంది, సినిమాలో పట్టని గంటలు కూడా. ఎక్కడ పెట్టమంటావు తాతా అంటే బొమ్మల పెట్టె పక్కన చోటు చూపించాడు. ఆరు నెలలకోసారి వెళ్లినప్పుడు లాప్‌టాప్‌కి తగిలించి అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూస్తున్నాను. పోయినసారి వెళ్తే ఆయన మనవడు అప్పటికే టీవీకి తగిలించి చూస్తున్నాడు, మూడో రాత్రి ఆట, కట్ చేయనిది.